అహమ్మదాబాదు పోళలు

దూరదేశమునుండి వచ్చిన యాత్రికుడు ఒక ప్రాచీన నగరమును చూడబోయినపుడు మొదట కోటను, తరువాత దేవాలయమునో మసీదునో, పిదప రాజుల గోరీలను చూచి మరలిపోవును. నగరమన నవియే యని మనకును చిన్ననాటి నుండి నేర్పియున్నారు. కాని రాజు నగరమును స్థాపింపగలడేగాని నగరముగా బ్రదుకలేడు. బ్రదుకవలసినవారు గృహస్థులు. వారు నీళ్లు ఎచ్చటినుండి తెచ్చుకొనిరి, రాత్రి తలుపులెట్లు మూసికొనిరి, ఇరుగుపొరుగులతో నెట్లు మెలగిరి, ఎవరిని లోనికి రానిచ్చి యెవరిని రానీయకుండిరి అను సంగతులే నగరము యొక్క నిజమైన చరిత్ర. అట్టి చరిత్ర ఇటుకలలోను కొయ్యలోను చెడకుండ నిలిచియున్న తావులు మన దేశమున మిక్కిలి కొద్ది. వానిలో ముఖ్యమైనవి గుజరాతులోని అహమ్మదాబాదు పాతనగరమందలి పోళలు. వాని పుట్టుకను, గుణదోషములను, వానిని కాపాడుటకు జరుగుచున్న యత్నమును ఈ వ్యాసమున విచారింతము.

సబర్మతీ నదికి తూర్పుగట్టున, ఆశావలి యను పూర్వపు పట్టణము చెంత, సుల్తాను అహమ్మదుషా 1411వ సంవత్సరమున ఈ నగరమును స్థాపించెను. నదివైపున భద్ర యను కోట, దానికెదురుగ మూడు ద్వారముల తోరణము, ఆవల 1424లో ముగిసిన జామా మసీదు, దాని వెనుక మాణెక్ చౌకు అను అంగడివీధి – ఇది రాజు వేసిన ముగ్గు. ఆ ముగ్గునకు ఇరుప్రక్కల మిగిలిన నేలనంతయు ప్రజలు తమకు దోచినట్లు నింపుకొనిరి. వర్తకులు, సాలెవారు, కంసాలులు, వడ్రంగులు, బ్రాహ్మణులు, జైనులు, మహమ్మదీయులు ఎవరి గుంపు వారు ఒకచోట చేరి ఇండ్లు కట్టుకొనిరి. అట్లు పుట్టినవే పోళలు. మాణెక్ చౌకు దాపుననున్న ముహూర్త పోళ యన్నిటికంటె మొదటిదని అచ్చటివారు చెప్పుకొందురు.

‘పోళ’ యను మాట ‘ప్రతోళి’ యను సంస్కృత పదమునుండి వచ్చినదందురు. ప్రతోళి యనగా ద్వారము, లేదా ద్వారముగల వీధి. పేరే దాని స్వరూపమును చెప్పుచున్నది. రాజవీధి నుండి చూచువానికి పోళ కనబడదు. దాని తలుపు మాత్రమే కనబడును. ఆ తలుపు దాటి లోనికి పోయినచో ఇరుకైన సందొకటి వంకరలు తిరుగుచు పోవును. దానినుండి మరికొన్ని సందులు చీలును. వానిలో కొన్ని గోడతో ముగియును. మరికొన్ని తెలిసినవారికి మాత్రమే తెలిసిన చాటుదారి గుండ ప్రక్క పోళలో తేలును. సందు మధ్య ఒక బావియో, చిన్న గుడియో, జైనుల దేరాసరమో యుండును. చెక్కిన స్తంభముపై పిట్టలకు గింజలు చల్లుటకు కట్టిన ‘చబూత్రో’ యను చిన్న మండపముండును. వాకిట నల్లబల్లపై పోళవారికి తెలియవలసిన వార్తలు వ్రాయుదురు. పది ఇండ్ల పోళలు కలవు, వేలకొలది జనముండు పోళలును కలవు. నేటికి మొత్తము 600 వరకు గలవని లెక్క.

ఇంటి నిర్మాణమును చూడుడు. వీధి చెంత అరుగు, అరుగు దాటగానే ముంగిలి గది, పిదప ఆకాశమునకు తెరచియున్న చౌకు, దాని వెనుక పడసాల, కడపట లోపలి గది. మన కోస్తా జిల్లాల మండువా లోగిలిని ఎరిగినవారికి ఈ చౌకు పరాయిదిగ దోపదు. భేదమేమనగా, ఇచ్చట స్థలము సన్నము. ఇండ్లు ప్రక్క ప్రక్కను గోడకు గోడ యానించి, వెడల్పున గాక లోతునను ఎత్తునను పెరిగినవి. గోడలకు వెలుతురు లేదు గనుక చౌకే ఇంటికి ఊపిరి. వేసవిలో వేడిగాలి చౌకు గుండ పైకిపోవును. రాత్రి చల్లనిగాలి దానిలోనికి దిగును. కొయ్యతో చట్రము కట్టి, నడుమ ఇటుక నింపుట అచ్చటి వాడుక. స్తంభములమీదను, దూలములను మోయు బోదెలమీదను వడ్రంగులు చెక్కిన లతలు, పక్షులు, ఏనుగులు, గంధర్వులు చూచువారి కన్నులకు విందు సేయును. ఈ కొయ్యచట్రము అందమునకే కాదు. 2001 జనవరి 26వ తేదీ భూకంపమున నగరము యొక్క క్రొత్త భాగములలో పలు అంతస్తుల మేడలు కొన్ని కూలి అనేకులు మరణింపగా, పాతనగరమున కట్టెబందుగల ఇండ్లు అనేకములు వణకియు నిలిచినవి.

అంతకంటెను గమనింపదగినది చౌకు క్రిందనుండు ‘తాంకా’. ఆ ప్రాంతమున భూజలము చాలచోట్ల ఉప్పన. వాన యేడాదిలో నాలుగు మాసములు మాత్రమే కురియును. కావున గృహస్థులు చౌకు క్రింద సున్నముతో గచ్చుచేసిన పెద్ద తొట్టిని కట్టి, ఇంటికప్పుపై పడిన వాననీటిని గొట్టముల ద్వారా దానిలోనికి దింపుకొనిరి. మొదటి వానను కప్పు కడుగుటకు విడిచి, తరువాతి వాననీటినే పట్టుదురు. ఎండ తగులని చీకటి తొట్టిలో ఆ నీరు మరుసటి వానకాలము వరకు చెడక యుండును. ఇంటి ఇల్లాండ్రు బిందెతో చేదుకొని త్రాగుటకును వంటకును వాడుకొనెడివారు. ప్రతి ఇల్లును తన చెరువును తన పొట్టలో దాచుకొన్నదనవచ్చును.

ఇట్టి నిర్మాణమునకు వీధివాకిట తలుపేల కావలసివచ్చెను? అందులకు జవాబు పదునెనిమిదవ శతాబ్దపు చరిత్రలో కలదు. మొగలాయి ప్రభుత్వము సడలిన పిమ్మట సుబేదారులు, మహారాష్ట్ర దండులు ఈ నగరముకై మాటిమాటికి పోరాడిరి. 1725లో దండువారు నగరమును దోచుటకు సిద్ధపడినపుడు, నగరశేఠ్ అయిన ఖుషాల్‌చందు తన సొంత ధనమిచ్చి వారిని మరలించెను. అందులకు కృతజ్ఞులై నగరవర్తకులు తమ సరకుమీద నూటికి నాలుగణాల చొప్పున ఆయనకును ఆయన వంశమునకును ఇచ్చునట్లు ఏర్పరచిరి. నగరశేఠ్ సేనాపతి కాడు, మంత్రి కాడు, ఒక వర్తకుడు. రాజు కాపాడనపుడు ప్రజలు తమకు తామే కాపుగా నిలువవలసివచ్చెనని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల? 1753 నుండి పీష్వా, గాయిక్వాడు ప్రభుత్వములు నగరమును పంచుకొని పాలించినవి. 1818 నాటికి నగరము ఇంగ్లీషువారి చేజిక్కెను. ఆ యేబదియరువది యేండ్ల కాలమున రాత్రి పోళ తలుపు మూసి, గడియపెట్టి, కావలివానిని నిలిపిన తరువాతనే గృహస్థు నిద్రపోగలిగెను.

తలుపుతో పాటు కట్టుబాటును పుట్టెను. పోళకు పంచాయతీ యుండెను. పెండ్లిండ్లలో వచ్చు కానుకలు, తప్పుచేసినవారి జుర్మానాలు చేరిన ఉమ్మడి నిధి యుండెను. ఆ నిధినుండి కావలివాని జీతము, తలుపు మరామతు, గుడి ఖర్చు జరుగుచుండెను. రోగికి సాయపడుట, పీనుగను మోయుట, పెండ్లికి పనిచేయుట పోళవారి విధి. నేడు పెద్ద నగరముల మేడలలో పదియేండ్లు కాపురముండి ప్రక్కయింటివాని పేరెరుగని వారు ఈ సహకారమును చూచి అసూయపడుటలో వింతలేదు.

అయితే ఇచ్చటనే మనము నిలిచి యోచింపవలెను. పాతదానిని పొగడువారు సాధారణముగా అరుగువద్దనే ఆగిపోవుదురు. ఆ అరుగుపై ఎవరు కూర్చుండుటకు హక్కుండెనని అడుగరు. చాల పోళలు ఒక్క కులమువారివి. ఇల్లు అమ్మదలచినవాడు మొదట పోళవారిని అడుగవలెను. పరాయివాడు ఎంత ధనమిచ్చినను పోళవారి అనుమతి లేక కొనుట దుర్లభము. దొంగను ఆపిన తలుపే ఇతర కులమువానిని, ఇతర మతమువానిని ఆపెను. ఇరుగుపొరుగుల ప్రేమ ఇరుగుపొరుగుల నిఘాయును ఆయెను. ఏ కోడలు మేలిముసుగు తీసినదో, ఏ విధవ నవ్వినదో, ఏ బాలిక పుస్తకము పట్టినదో సాయంకాలమగునప్పటికి అరుగులన్నియు ఎరుగును. ఇక పారిశుద్ధ్యమందురా, అది మరింత దుర్దశ. చాల ఇండ్లలో మురుగు ఇంటిక్రింది గోతులలోనే నిలిచెడిది. పాయిఖానాలను చేతులతో ఎత్తి బాగుచేయువారు వేకువజామున వచ్చి పోవలసినదేగాని పోళలో కాపురమునకు అర్హులు కారు. చబూత్రో మీది పిట్టకు నిత్యము గింజలు చల్లిన ధర్మబుద్ధి, తన మలమును మోసిన మనిషి దాహమడిగినపుడు వానిని తాంకా దరిదాపులకు రానీయలేదు. ఈ రెండును ఒకే వాకిట జరిగినవి. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర కాదు.

ఆ తలుపును లోపలినుండి తెరచినవారును ఈ నగరమునందే పుట్టిరి, లేదా ఇచ్చటికి వచ్చి స్థిరపడిరి. మన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున జన్మించిన 1848వ సంవత్సరముననే, డిసెంబరు మాసమున, ఫోర్బ్సు అను ఇంగ్లీషు అధికారి చొరవతో అహమ్మదాబాదులో గుజరాతు వర్నాక్యులరు సొసైటీ స్థాపితమాయెను. గుజరాతీ భాషలో పుస్తకములు వ్రాయించుట, గ్రంథాలయము నడుపుట, పత్రిక వెలువరించుట దాని పనులు. ఫోర్బ్సునకు గుజరాతీ నేర్పిన కవి దలపత్‌రాము (1820–1898) 1855 నుండి ఆ సొసైటీకి సహాయ కార్యదర్శిగా నుండి, తన కవిత్వమును మూఢాచార ఖండనకు వినియోగించెను. ఆయన నివసించిన ఇల్లు కాలూపురు ప్రాంతమున లాంబేశ్వరు పోళలో నుండెను. ఆ యిల్లు చాలభాగము పోయినది. దానిచోట నేడు ఆయన విగ్రహము కూర్చుండియున్నది.

అదే 1848లో నగరపు ఢిల్లీ దర్వాజా వెలుపల హఠీసింగు జైనదేవాలయము పూర్తియాయెను. దానిని కట్టింప మొదలిడిన శేఠ్ నడుమనే మరణింపగా, ఆయన భార్య హరకుంవర్ శేఠాణి పని నాపక తానే దగ్గరుండి ముగించెను. భర్త పోయిన స్త్రీ మూలకు చేరవలెనని శాసించిన కాలమున ఒక విధవ శిల్పులతో మాటలాడి, లెక్కలు చూచి, ఇంతటి నిర్మాణమును నడిపినదనుట ఆనాటి పోళలకు ఒక పాఠమే.

మహీపత్‌రాము రూప్‌రాము నీలకంఠుని (1829–1891) కథ మరింత ఉద్బోధకము. ఉపాధ్యాయుల శిక్షణా పద్ధతులను నేర్చుటకు ఆయన 1860లో ఇంగ్లండు వెళ్లెను. సముద్రము దాటినందుకు నాగర బ్రాహ్మణులు ఆయనను వెలివేసిరి. వెలియనగా ఏమియో నేటివారికి తెలియకపోవచ్చును. పోళలో బ్రదుకువానికి వెలి కారాగారముకంటె కఠినము. కారాగారమున కనీసము తోడి ఖైదీలుందురు. అయినను ఆయన వెనుదీయక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడిపెను, అత్తాకోడండ్ర పోరును గూర్చి 1866లో నవల వ్రాసెను, 1871లో భోళానాథు సారాభాయితో కలిసి ప్రార్థనాసమాజమును నెలకొల్పెను, విధవావివాహమునకు పాటుపడెను. ఏడేండ్ల తరువాత రాజమహేంద్రవరమున పంతులుగారు ప్రార్థనాసమాజమును స్థాపించిరి. గోదావరి గట్టునను సబర్మతి గట్టునను ఒకే పోరాటము ఇంచుమించు ఒకే కాలమున జరిగెనని చదువరులు గ్రహింతురుగాక. మహీపత్‌రాముని కుమారుడు రమణభాయి పూర్వాచారపరాయణులను గేలిచేసిన హాస్యనవలను 1900లో ప్రకటించెను. రమణభాయి భార్య విద్యాగౌరి పెండ్లియైన పిదప చదువు సాగించి, 1901లో తన చెల్లెలు శారదతో కూడ బి.ఏ. పట్టమును పొందెను. గుజరాతున పట్టభద్రులైన మొదటి స్త్రీలు వీరిద్దరే. తాతనాటి వెలికి మనుమరాండ్ర తరము దాక పోనక్కరలేకయే, కోడలి చేతులమీదుగ జవాబు దొరికెను.

ఆలోచనలను మార్చుట ఒక యెత్తు; మురుగును మార్చుట మరియొక యెత్తు. ఈ రెండవ పనికి పూనుకొన్నవాడు రణఛోడ్‌లాలు ఛోటాలాలు (1823–1898). ఈయనయు నాగర బ్రాహ్మణుడే. 1861లో అహమ్మదాబాదులో మొట్టమొదటి నూలుమిల్లును నడిపించినవాడీయనయే. 1885లో పురపాలక సంఘాధ్యక్షుడై, నగరమునకు గొట్టములద్వారా నీరును, భూమిక్రింద మురుగు కాలువలును తేవలెనని సంకల్పించెను. పన్ను హెచ్చునని, ఆచారము చెడునని, తాతముత్తాతలు బ్రదుకలేదా యని గృహస్థులు గొల్లుమనిరి. ఆయన వారిని ఒప్పించియు ఒప్పింపకయు పనిని సాగించెను. 1891లో నదీతీరమునందలి దూధేశ్వరమునుండి కొళాయి నీరు వచ్చెను; తరువాత మురుగు కాలువలు మెల్లమెల్లగ వ్యాపించెను. ఆనాడు ఆయనను తిట్టినవారి మనుమలు ఆ నీటినే త్రాగిరి.

రణఛోడ్‌లాలు వేసిన మిల్లు నగరము యొక్క గతినే మార్చెను. కోటగోడకు వెలుపల తూర్పున మిల్లులు లేచెను. వాని చుట్టును కూలీల కొట్టములు వెలసెను. తెలంగాణమునుండి పోయిన మన పద్మశాలీలును ఆ మిల్లులలో మగ్గములు నడిపి, అచ్చటనే తెలుగు మాటలాడు పేటలుగ స్థిరపడిరి. కావున ఈ నగరపు కథ మనకు కేవలము పరాయికథ కాదు.

1915 మేలో గాంధీమహాత్ముడు నదికావల కోచరబు గ్రామమున ఆశ్రమము పెట్టెను. అంటరానివాడనబడిన దూదాభాయి కుటుంబమును ఆశ్రమములో చేర్చుకొనగనే నగరవర్తకులిచ్చు ధనము నిలిచిపోయెను. పేరు చెప్పక ఒక సంపన్నుడు 13,000 రూపాయలు తెచ్చి చేతిలో బెట్టనిచో ఆశ్రమము సాగుట కష్టమయ్యెడిది. నగరము యొక్క రెండు స్వభావములును ఈ యొక్క సంఘటనలో కానవచ్చును: ధనము ముడిచిన చేయియు దానిదే, విప్పిన చేయియు దానిదే. 1942 ఉద్యమమున పోలీసులు తరుముచుండగా కార్యకర్తలను దాచినవి ఆ చాటుదారులే, ఆ తలుపులే.

అటుతరువాత పోళలకు క్షీణదశ ఆరంభమాయెను. 1892లో కట్టిన ఎల్లిసు వంతెన నదికి పడమటి గట్టును దగ్గర చేసెను. ఇరువదవ శతాబ్దమున కోటగోడ చాలభాగము పడగొట్టబడెను. రిలీఫు రోడ్డు పోళల నడుమనుండి చీల్చుకొని పోయెను. కలవారు గాలియు తోటలును కోరి నది దాటిరి. ఒక తాత కట్టిన ఇంటికి ఇరువదిమంది వారసులై, ఎవరును మరామతు చేయక, ఎవరును అమ్మనీయక, ఇండ్లు శిథిలమైనవి. కొన్ని గిడ్డంగులైనవి. కొన్నిటి చెక్కడపు స్తంభములు వర్తకులకు విడివిడిగ అమ్ముడుపోయినవి. వీనికి తోడు 1969, 1985, 2002 సంవత్సరములలో హిందూ మహమ్మదీయ కలహములు నగరమును కాల్చినవి. కాపాడుటకై కట్టిన తలుపు మరల భయమునకు గురుతాయెను. తరతరములుగ ప్రక్క ప్రక్కల నుండిన రెండు మతములవారు దూరదూరముగ తొలగిరి. అల్లర్లకు జడిసి ఇండ్లను కారుచౌకగ అమ్ముకొనకుండుటకై 1991లో చేసిన చట్టము ప్రకారము, ప్రకటిత ప్రాంతములలో ఇల్లు చేతులు మారుటకు కలెక్టరు అనుమతి కావలెను. పూర్వము పోళ పంచాయతీ అడిగిన అనుమతియే వేరొక రూపమున తిరిగి వచ్చెనా యని ఆలోచించువారు అడుగుచున్నారు.

ఈ స్థితిలో సంరక్షణోద్యమము ఆరంభమాయెను. 1997 నవంబరు 19న పురపాలక సంఘము కాలూపురు స్వామినారాయణ మందిరము నుండి జామా మసీదు వరకు ఉదయపు నడకను ఏర్పాటు చేసెను. చూడవచ్చిన పరదేశీయులకంటె, పరులు తమ అరుగులను చూచి మెచ్చుకొనుట గమనించిన పోళవారికే దానివలన ఎక్కువ మేలు కలిగెను. తరువాత రెండువేలకు పైగా ఇండ్లను గుర్తించి పట్టికలో చేర్చిరి. పాత ఇంటిని పడగొట్టకుండ నిలుపు యజమాని తనకుగల కట్టుబడి హక్కును వేరొకచోట ఇల్లుకట్టువారికి అమ్ముకొని, ఆ ధనముతో మరామతు చేసికొనుటకు వీలు కల్పించిరి. 2017 జూలై 8న యునెస్కో ఈ పాతనగరమును ప్రపంచ వారసత్వ నగరముగ ప్రకటించెను. భారతదేశమున ఆ గౌరవము పొందిన మొదటి నగరమిదియే.

గౌరవము వచ్చినది, మంచిదే. కాని దేనిని కాపాడుటకు? కొయ్య చెక్కడమును మాత్రమే కాపాడదలచినచో దానిని విప్పి మ్యూజియమున పెట్టవచ్చును. ఇల్లు ఇల్లుగ నిలువవలెనన్న దానిలో కాపురముండవలెను. కాపురముండవలెనన్న ఇల్లాలికి వంటయింట వెలుతురు, శుభ్రమైన స్నానపు గది, పిల్లలకు చదువుకొను తావు కావలెను. ఇవి లేక ‘పాత యందము’ పేరిట గృహిణిని పొగచూరిన గదిలో ఉండుమనుట సంరక్షణ కాదు, స్వార్థము. మరల, ఇండ్లన్నియు యాత్రికుల సత్రములై పోళలో పోళవారే లేకపోవుటయు సంరక్షణ కాదు. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఖాళీయైన ఇంటిని కొని బాగుచేసికొని బ్రదుకదలచిన వానిని ‘నీ కులమేమి, నీ మతమేమి’ యని అడుగుచున్నంతకాలము ఆ యిల్లు చెదలకే ఆస్తి. తలుపు మూయుట అలవాటైన చోట తాళము తుప్పుపట్టును, దూలము పుచ్చును.

కావున వారసత్వమన్న మాటను జల్లెడపట్టి గ్రహింపవలెను. తాంకాను తీసికొందము. కొళాయి వచ్చిన తరువాత ఆ తొట్టిని మరచుట ఒక నష్టమే; నేడు కొందరు గృహస్థులు దానిని బాగుచేయించుకొని మరల వాననీరు పట్టుచున్నారు. చౌకును, అరుగును, కొయ్యచట్రపు నేర్పును, కష్టమున ఆదుకొను పొరుగుతనమును తీసికొందము. వెలిని, మలమును మనిషిచేత మోయించిన వాడుకను, విధవను మూలకు త్రోసిన నిఘాను విడుతము. మహీపత్‌రాము పోళను తగులబెట్టలేదు. రణఛోడ్‌లాలు దానిని పడగొట్టలేదు. వారు దానిలోనికి వెలుతురును నీటిని తెచ్చిరి. ఆ మార్గమే నేటికిని సరియైనది.

తెలుగునాట ఈ మాట చెవినిబెట్టవలసినవారము మనమును. మన మండువా లోగిళ్లు ఏడాదికేడాది కూలుచున్నవి. వాని టేకు దూలములు లారీలకెక్కుచున్నవి. కట్టడములను పోగొట్టుకొనుచున్నాము గాని, వాని వాకిళ్లవద్ద నిలిపివేసిన కులభేదమును మాత్రము క్రొత్త కాలనీల గేట్లవద్దకు జాగ్రత్తగ మోసికొనిపోవుచున్నాము. అద్దెయిల్లడుగ వచ్చినవానిని నేటికిని కులమడుగు వీధులు మన పట్టణములలో లేవా? పోవలసినది నిలిచి, నిలువవలసినది పోవుచున్నది.

సంక్రాంతినాడు అహమ్మదాబాదు పోళల మేడమీద నిలుచుటకు చోటుండదు. నది దాటిపోయిన కుటుంబములవారు ఆనాడు బిడ్డలతో పాత ఇంటికి వచ్చి గాలిపటములు ఎగురవేయుదురు. క్రింద తలుపులెన్ని యున్నను పైన ఆకాశమునకు తలుపులేదు. పోళ మిద్దెపైనుండి ఎగిరిన పటము మసీదు మినారు ప్రక్కగ పోయి ఎవరి ఇంటిపై వ్రాలునో దారము పట్టినవానికే తెలియదు. ఆ యొక్కదినపు ఉదారత క్రిందికి దిగి వీధివాకిలిని చేరిననాడు, పోళలు చూచువారి కొరకుగాక, ఉండువారి కొరకు బ్రదుకును.